పదకొండు 'ప్రియులారా'లు

నేను మొట్టమొదట రాసిన వ్యాసంలో 'ప్రియులారా' అనే మాట పదకొండుసార్లు ఉంది. లెక్కపెట్టింది నేను కాదు, మా చర్చి సంఘం మాసపత్రిక చూసే మాస్టారు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. నేనిచ్చిన కాగితాల నిండా ఎర్ర పెన్నుతో గీతలు గీసి, చివర్లో ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు: "అమ్మా, ఇందులో మీరెక్కడున్నారు?"

నాకు ఒళ్లు మండింది. అది సాక్ష్యం. దేవుడు చేసిన మేలు గురించి రాస్తే నేనెక్కడున్నానని అడగడమేమిటి? ఆ కాగితాలు బీరువాలో చీరల కింద పెట్టేసి, నెల రోజులు ఆయనకు ఎదురుపడకుండా చర్చికి పక్క గుమ్మంలోంచి వెళ్లి వచ్చాను. ఇది 2012 మాట.

నేను గుంటూరులో స్టాఫ్ నర్సుని. పుట్టింది రేపల్లె దగ్గర పల్లెలో. మా ఇంట్లో ఉన్న పుస్తకాలు రెండే, బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు గానీ పురుషోత్తమ చౌదరి గారి పాటలు పుస్తకం చూడకుండా పాడేది. ఆయన ఎప్పుడో 19వ శతాబ్దంలో కట్టిన పాటలు పొయ్యి దగ్గర కూర్చున్న మా నాయనమ్మ నోట్లోంచి నా చెవిలో పడ్డాయి. నాకొచ్చిన తెలుగులో సగం అదే. అందుకే పెన్ను పట్టుకోగానే ఆ భాషే తోసుకొచ్చింది. 'దేవాది దేవుడు నా శోధన కాలమందు నన్ను ఎంతగానో ఆదరించి, తన కృపను చూపి...' ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నా పేరు తీసేసి మీ పేరు పెట్టినా తేడా రాదు. మాస్టారు అడిగింది అదేనని నాకు నెల తర్వాత గానీ ఎక్కలేదు.

చివరికి ఒక ఆదివారం ఆయనే పట్టుకున్నారు. "ఏ శోధనమ్మా?" అన్నారు. చెప్పాను. ఐదో నెలలో కడుపు పోయింది. "తర్వాత?" తొమ్మిదో రోజున డ్యూటీలో చేరాను. "ఏ వార్డు?" అక్కడ ఆగిపోయాను. ప్రసూతి వార్డు. లిస్టులో అలా పడింది, వేసినవాళ్లకి నా సంగతి తెలియదు. "ఆదరించాడు అని రాశారు కదా, ఎలా ఆదరించాడు?" అన్నారు. చెప్పాను. ఆ రాత్రి మా వార్డు ఆయా ఏమీ అడగకుండా నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. పసిపిల్లల పక్కబట్టలు మార్చడం నా పనే అయినా, తెల్లారేదాకా నన్ను ఉయ్యాలల వైపు రానివ్వకుండా అన్నీ తనే మార్చింది.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ టీ గ్లాసు రాయండి" అన్నారు.

రాశాను. పేజీన్నర వచ్చింది. 2013 మార్చి సంచికలో వేశారు. 'ప్రియులారా' ఒక్కటీ లేదు. దేవుడి పేరు రెండుచోట్లే ఉంది. అది చూసి మా అత్తయ్య "ఇంతేనా ఆయన మహిమ?" అని చిన్నబుచ్చుకున్నారు. ఆ పై ఆదివారం ఆరాధన అయ్యాక, నాకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మాకూ ఐదో నెలేనండీ" అని, ఇంకేమీ చెప్పకుండా వెళ్లిపోయింది. అత్తయ్య ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు.

రాయాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, టైమ్ ఎక్కడ దొరుకుతుంది అని. నాకు నైట్ డ్యూటీలో రెండుకీ నాలుగుకీ మధ్య దొరికింది. అది కూడా రోజూ కాదు. సెలైన్ బాటిల్ మార్చి వచ్చి నాలుగు లైన్లు, ఎవరో పిలిస్తే లేచి వెళ్లడం, వచ్చి ఇంకో రెండు. పాత డ్యూటీ చార్టుల వెనక రాసేదాన్ని. తర్వాత ఫోన్‌లో మాట్లాడితే టైపయ్యే సదుపాయం ఉందని మా అబ్బాయి చూపించాడు. నేను బైబిల్లోని అపొస్తలుడు 'పౌలు' పేరు చెబితే అది 'పాలు' అని రాసేది. పాలు కొరింథీయులకు పత్రిక, అంటే ఉత్తరం, రాసినట్టు, పాలు చెరసాలలో పాటలు పాడినట్టు చాలా పేజీలు వచ్చాయి. దిద్దుకోవడానికి పట్టే సమయం చూస్తే చేత్తో రాయడమే నయం. కానీ ఆటోలో వస్తూ తట్టిన వాక్యాన్ని పట్టుకోవడానికి అది బాగానే పనికొస్తుంది.

ఆ ఫోనే ఒకసారి బకెట్లో పడి తొమ్మిది వ్యాసాలు పోయాయి. మాస్టారి దగ్గర ఏడ్చినంత పని చేశాను. ఆయన బైబిల్లో యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం తీసి చదవమన్నారు. యిర్మీయా ప్రవక్త చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోసి కోసి కుంపట్లో వేస్తాడు. యిర్మీయా మళ్లీ చెబుతాడు, బారూకు మళ్లీ రాస్తాడు, పైగా ముందు లేని మాటలు కూడా చాలా చేరతాయి. "రెండోసారి పెద్దదైంది చూశారా" అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కానీ తొమ్మిదిలో ఆరు మళ్లీ రాస్తే నాలుగు ముందుకన్నా బాగా కుదిరాయి. మిగతా మూడూ ఏం రాశానో గుర్తే రాలేదు. గుర్తు రానివి పోయినా పర్వాలేదనుకున్నాను. ఇప్పుడు మాత్రం రాసిన రోజే నా మెయిల్‌కి నేనే పంపుకుంటాను.

అన్నిటికన్నా కష్టపడింది భాషతో. మన సంఘాల్లో మాట్లాడుకునే తెలుగు ఒకటుంది. లోపలున్నవాళ్లకి అది నీళ్లంత తేలిక. బయటివాళ్లకి ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. మా పక్కింటి వదినగారు చర్చికి రారు, శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్తారు, వారపత్రికల్లో కథలు వదలకుండా చదువుతారు. ఒకరోజు ఆవిడకు నా వ్యాసం ఇచ్చాను. చదివి చాలా మర్యాదగా కొన్ని అనుమానాలు అడిగారు. "వాక్యం వినడానికి వెళ్లాను అన్నారు, ఏ వాక్యం?" మాకు వాక్యం అంటే బైబిలు ప్రసంగం, ఆవిడకు కర్త, కర్మ, క్రియ. "నాకు వాళ్ల గురించి భారం ఉంది అంటే, డబ్బులేమైనా ఇవ్వాలా?" మాకు భారం అంటే వాళ్ల కోసం ప్రార్థించాలనే తపన. సాక్ష్యం అంటే కోర్టు గుర్తొచ్చింది. రక్షణ అంటే పోలీసులు. ఇక 'ఆత్మల సంపాదన', అంటే మనుషుల్ని విశ్వాసంలోకి తేవడం, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గించి, "దయ్యాలా అండీ?" అన్నారు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆ వ్యాసంలో ఇలాంటి మాటలన్నిటికీ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. పేజీకి ఇరవై దాకా తేలాయి. అన్నీ తీసేయాలని కాదు. రక్షణ అన్న మాటకు బదులు ఇంకేం పెడతాం? కానీ ఆ మాట వచ్చే ముందు, అది ఎలా ఉంటుందో కళ్లకు కట్టే సంగతి ఒకటి ఉండాలి. చెరువులో మునుగుతున్నవాడి జుట్టు పట్టి పైకి లాగడం చూపించాక రక్షణ అంటే వదినగారికీ అర్థమవుతుంది. మాస్టారు ఒక పద్ధతి చెప్పారు, నేటికీ అదే పాటిస్తాను. బైబిలు వచనాన్ని ఉన్నది ఉన్నట్టు, ఆ పాత తెలుగులోనే ఉంచాలి. దాని పక్కన నా వాక్యం మాత్రం నా నోటి మాటలా ఉండాలి. రెండిటినీ కలిపి 'ఆయన నాతో సెలవిచ్చియుండెను' అని నేను కూడా మొదలుపెడితే, ఏది వచనమో ఏది నా సొంతమో చదివేవాళ్లకు తెలియదు. అది భాషా దోషమే కాదు, ఒక రకంగా మోసం కూడా.

జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' మాస్టారే చదివించారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన కావ్యం. జాషువా గారు మా గుంటూరులోనే లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పని చేశారని తెలిసి, ఆయన ఈ దారుల్లోనే నడిచి ఉంటారని పొంగిపోయాను. పద్యాలు నాకు సగమే అర్థమయ్యాయి, మాస్టారు చెబితే ఇంకాస్త. కానీ ఒకటి తెలిసింది, ఆయన చర్చిలో కూర్చున్నవాళ్ల కోసమే రాయలేదు. తెలుగు పద్యం తెలిసిన ప్రతివాళ్ల ముందూ క్రీస్తును నిలబెట్టారు. మనం చర్చి గోడలు దాటని మాటలతో రాసుకుని, బయటివాళ్లు చదవడం లేదని బాధపడుతుంటాం.

రాసే సంగతి నిజమో కాదో చూసుకోవడం ఇంకొకటి. నేను తలొంచుకున్న కథ చెబుతాను. బైబిల్లో యెషయా 40వ అధ్యాయంలోని పక్షిరాజు, అంటే గద్ద, మీద ఒక వ్యాసం రాశాను. మీరూ ప్రసంగాల్లో వినే ఉంటారు. గద్దకు నలభై ఏళ్లు రాగానే కొండ మీదికి వెళ్లి ముక్కును బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట, గోళ్లు, ఈకలు పీకేసుకుని నూట యాభై రోజులు ఆగితే అన్నీ కొత్తవి వచ్చి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. నేను దాన్ని కన్నీళ్లు వచ్చేలా రాశాను. పశువైద్యం చదువుతున్న మా అక్క కొడుకు చదివి, "ముక్కు లేకుండా నూట యాభై రోజులు ఏం తింటుంది పిన్నీ?" అన్నాడు. అంతే. నర్సుని, రోగికి మూడు రోజులు తిండి లేకపోతే ఏమవుతుందో తెలిసినదాన్ని, ఆ ప్రశ్న నాకెందుకు రాలేదు? ఈకలు రాలడం, కొత్తవి రావడం పక్షులకు కొంచెం కొంచెంగా జరుగుతుందట, అన్నీ ఒకేసారి పీకేసుకోవడం ఉండదట. వ్యాసం చించేశాను. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కన్నా ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభమన్న యేసు మాటకు, యెరూషలేములో 'సూది బెజ్జం' అని ఒక చిన్న ద్వారం ఉండేదని, ఒంటె మోకాళ్ల మీద వంగి అందులో దూరేదని చెప్పే కథా అంతే, అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారం లేదు. లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ మొదటినుంచి తరచి పరిష్కారంగా తెలుసుకుని రాస్తున్నానంటాడు. పరిశుద్ధాత్మ రాయించినవాడే అంత విచారించుకుంటే, నేనెంత?

వచనాల్లోనూ జారిపోతాం. 'డబ్బు అన్ని కీడులకూ మూలం' అని రాసిచ్చాను, జ్ఞాపకం మీద. మా పాస్టరు గారు చూసి బైబిల్లో తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రిక తీసి చూపించారు, అక్కడున్నది డబ్బు కాదు, ధనాపేక్ష. ఒక్క మాట తేడాతో అర్థమే మారిపోతుంది. అప్పటినుంచి నోటికి వచ్చిన వచనమైనా సరే పుస్తకం తెరిచి అక్షరం అక్షరం చూసుకుంటాను. బాగా నోటికి వచ్చినవాటిలోనే తప్పులెక్కువ.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఒక రోగి గురించి రాశాను. పేరు మార్చాను. ఊరు, జబ్బు, ఆయనకు ఇద్దరు కొడుకులన్న సంగతి, చివరి రాత్రి ఆయన పెద్దకొడుకు గురించి అన్న మాట మార్చలేదు. అవి మారిస్తే కథ పలచబడుతుందనుకున్నాను. పత్రిక ఎలా చేరిందో ఆ పెద్దకొడుకు చేతికి చేరింది. ఆయన ఆసుపత్రికి వచ్చాడు. అరవలేదు. "మా నాన్న మీకు చెప్పుకున్నది మీరు అందరికీ చెప్పారు సిస్టర్" అన్నాడు. క్షమించమన్నాను. క్షమించాడో లేదో తెలియదు, ఏమీ అనకుండా వెళ్లాడు. అది సాక్ష్యమే, అందులో దేవుడి ప్రేమ ఉంది, నలుగురికి మేలు జరుగుతుంది, ఇలా ఎన్ని చెప్పుకున్నా అతని మాటకు అవేవీ సమాధానం కాలేదు. ఇప్పుడు బతికున్నవాళ్ల గురించి రాస్తే వాళ్లకు చూపించే వేస్తాను. చూపించలేని పరిస్థితైతే రాయను. మా చెల్లెలి మీద రాసిన వ్యాసం నేను రాసినవాటన్నిటిలోకీ మంచిది. వేయొద్దని తనంది. బీరువాలో ఉంది, మొదటి వ్యాసం పక్కనే.

మా పత్రిక దాటి బయటి పత్రికలకు పంపడం 2015లో మొదలుపెట్టాను. ఆరింటికి పంపితే నాలుగింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎందుకో తర్వాత తెలిసింది, నేను ఒకే కవరులో ఐదేసి వ్యాసాలు పెట్టి, పైన 'ఇవి దేవుడు నాచేత రాయించినవి, దయచేసి మార్పులు చేయకండి' అని ఉత్తరం జత చేశాను. మాస్టారికి చెబితే తల పట్టుకున్నారు. "ఆ మాట అంటే ఎడిటరు మీ వ్యాసంతో కాదమ్మా, దేవుడితో గొడవ పెట్టుకోవాలి. ఎవరు పెట్టుకుంటారు?" అన్నారు. తర్వాత ఏ పత్రికకు పంపినా ముందు రెండు మూడు సంచికలు కొని చదివి, వాళ్లు వేసేవి ఎంత పొడుగుంటాయో చూసి, ఒక్కటే పంపాను. మార్చుకోమన్నాను. పడ్డాయి. కొన్నిటికి పారితోషికంగా పత్రికే వచ్చేది, ఒకటి రెండుసార్లు ఐదొందలు వచ్చాయి.

2019లో పుస్తకం. 28 వ్యాసాలు, డెమీ సైజులో 112 పేజీలు, 500 కాపీలు. పదహారు పేజీల ఫారాలు ఏడు అన్నమాట. పేజీలు ఆ లెక్కకు సరిపోయేలా చూసుకోకపోతే చివర్లో ఖాళీ కాగితాలకు డబ్బు కట్టాలని అప్పుడే తెలిసింది. విజయవాడలో అచ్చు వేయించాను. నేను యూనికోడ్‌లో టైపు చేసి ఇచ్చాను, డీటీపీ వాళ్లు దాన్ని 'అను' అనే పాత రకం తెలుగు ఫాంట్లలోకి మార్చి, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి. మూడు ప్రూఫులు చూశాను, రెండోది పైకి చదువుతూ, మూడోది చివరి పేజీ నుంచి వెనక్కి. అయినా పుస్తకం చేతికొచ్చాక మా ఆయన తెరిచి మొదట చూసింది ఆరో వ్యాసం శీర్షిక. 'నాన్నగారి భక్తి' అని ఉండాల్సిన చోట పెద్దక్షరాల్లో 'నాన్నగారి భుక్తి' అని ఉంది. చిన్నక్షరాలన్నీ వెతికి, కంటికెదురుగా ఉన్న శీర్షిక ఎవరమూ చూడలేదు. 500 పుస్తకాల్లో పెన్నుతో కొమ్ము కొట్టేస్తూ నాలుగు రాత్రులు కూర్చున్నాం. ఆ నాలుగు రాత్రులూ మా ఆయన నాతో పాటే మేలుకున్నాడు, నా రాతల మీద ఆయనకు అంత శ్రద్ధ అంతకు ముందు చూడలేదు.

ముందుమాటల గురించి ఒక్క మాట. మన పుస్తకాల్లో మొదటి ఇరవై పేజీలు పెద్దల ఫొటోలు, ఆశీర్వచనాలు ఉంటాయి. నేనూ ఒక పెద్దాయన ముందుమాట కోసం నాలుగు నెలలు ఆగాను. వచ్చింది చూస్తే, ఆయన పుస్తకం చదవలేదని మొదటి పేరాలోనే తెలిసిపోయింది. మాస్టారు రాసిన అరపేజీ ఒక్కటే ఉంచి ఉంటే బాగుండేది.

ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తానని ఒకాయన మూడు వేలు అడిగాడు. అది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ ప్రతి పుస్తకానికీ గుర్తింపుగా ఇచ్చే 13 అంకెల నంబరు, సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. మా అబ్బాయి చేసి పెట్టాడు. పుస్తకంలో ఇప్పటి రచయితల పాట ఒక చరణం వాడాలనుకున్నాను, అనుమతి అడగాలి అన్నారు, తీసేశాను. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. దేవుడి పాటే కదా అంటే కుదరదు. అది రాసినవాళ్ల కష్టం.

ఖర్చు 41 వేలు, చీటీ పాడి తెచ్చాను. వెల 80 రూపాయలు. షాపులవాళ్లు నలభై శాతం తగ్గించి తీసుకుంటారు, అమ్ముడయ్యాకే డబ్బు. చర్చి బయట బల్ల వేసి అమ్మినవే చేతికొచ్చాయి. మూడేళ్లలో 23 వేలు దాకా తిరిగొచ్చింది. నూట ఎనభై పుస్తకాలు ఊరికే ఇచ్చాను, అందులో చాలామంది చదవలేదని వాళ్లతో మాట్లాడితే తెలిసిపోతుంది. కొన్నవాళ్లు చదివారు. మళ్లీ వేస్తే వందే వేయిస్తాను, అవి అయిపోయాక ఇంకో వంద. ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్నే వేసేవాళ్లు ఉన్నారు.

నాతో పాటు రాయడం మొదలుపెట్టినవాళ్లు మా సంఘంలో నలుగురు. ఇద్దరు మానేశారు. ఒకరు పాటలు రాస్తున్నారు, బాగుంటాయి. ఒకాయన కేవలం ఇతరుల సాక్ష్యాలు విని వాళ్ల మాటల్లోనే రాసి పెడతాడు, తన పేరు వేసుకోడు. రోమా పత్రిక చివర్లో, పౌలు చెబుతుంటే రాసిన తెర్తియు 'ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను' అని ఒక్క లైను వందనాలు చెబుతాడు చూడండి, కనీసం అంతైనా వేసుకో తమ్ముడూ అంటాను. నవ్వుతాడు.

మాస్టారికి ఇప్పుడు 84. చూపు బాగా తగ్గింది, ఎర్ర పెన్ను పక్కన పెట్టేశారు. రెండో పుస్తకానికి రాస్తున్నవి నేనే వెళ్లి చదివి వినిపిస్తున్నాను. కళ్లు మూసుకుని వింటారు. మొన్న మూడో వ్యాసం చదువుతున్నాను, మంచిగా పోతోంది, చివరి పేరాకు వచ్చి 'కాబట్టి మనం కూడా' అన్నానో లేదో, "ఆగమ్మా" అన్నారు. పై పేరాతోనే అయిపోయిందని నాకూ అప్పటికే తెలుసు. పెన్ను తీసి కొట్టేశాను. "కొట్టేశారా?" అన్నారు. కొట్టేశానన్నాను. "సరే, ఇంకోటి చదవండి" అన్నారు.